నురగ రాని ఊళ్లో క్రిమి వేషం

తెనాలి స్టేషన్లో రేపల్లె రైలెక్కే మా అక్కని చూసినవాళ్లెవరూ ఆవిడ బడిపంతులమ్మ అనుకోరు. కరువు దేశానికి నీళ్లు మోసుకెళ్తున్న రాయబారి అనుకుంటారు. భుజాన సంచీ, ఒక చేతిలో భోజనం క్యారియరు, ఇంకో చేతిలో మా ఇంటి కుళాయి నీళ్లు పట్టిన క్యాను. క్యానుకి సీటు కింద చోటు దొరికాక గాని ఆవిడ కూర్చోదు. చోటు దొరక్కపోతే క్యానుని సీటు మీద కూర్చోబెట్టి తను నిలబడుతుంది. ఆ క్యాను మీద ఉన్న ఆపేక్షలో పావు వంతు తమ్ముడి మీద చూపించి ఉంటే నేనీపాటికి ఏదో ఒకటి అయ్యుండేవాణ్ణి.

అయితే ఆవిణ్ణి అనడానికి లేదు. రేపల్లెలో రైలు దిగి ఆటో ఎక్కితే, సముద్రం వైపు పోగా పోగా, ఇంక ముందు ఊళ్లున్నాయా లేవా అని ఆటోవాడికే అనుమానం వచ్చే చోట ఉంది ఆవిడ బడి. ఆ ఊరి బోరు నీళ్లు ఉప్పు. అలాంటిలాంటి ఉప్పు కాదు. ఆ నీళ్లతో టీ పెడితే పాలు మన మొహం చూసి మరీ విరిగిపోతాయి. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రం దాకా ఒక్క గింజా మెత్తబడక, ఎక్కడివక్కడ పంతం పట్టి కూర్చుంటాయి. అందుకని ఆ ఊళ్లో తాగడానికీ వంటకీ ఫిల్టరు నీళ్ల టిన్నులు కొనుక్కుంటారు. స్నానానికి, బట్టలకి, గిన్నెలకి, చేతులకి మాత్రం బోరు నీళ్లే. అక్క ఆ బడికి వెళ్లిన కొత్తలో ఒకసారి పుక్కిలించి ఉమ్మేసింది. ఆనాటి నుంచి క్యాను మోస్తోంది.

అక్కకి శుభ్రం ఒక మతం. చిన్నప్పుడు అన్నానికి కూర్చుంటే అమ్మ వడ్డించేలోపు అక్క తనిఖీ జరిగేది. అరచేతులు చూపించాలి, తిప్పి చూపించాలి, గోళ్లు చూపించాలి. సరిహద్దు దగ్గర సైనికులు కూడా మనుషుల్ని అంత అనుమానంగా చూడరు. నాకు తెలిసిన ఆకలంతా నాకు ఆ తనిఖీల్లోనే తెలిసింది.

కాని ఆ ఊరి బళ్లో ఆవిడ పట్టుదలకి కారణం వేరే ఉంది. వానలు మొదలవగానే బడి సగం ఖాళీ అయ్యేది. వాంతులు, విరేచనాలు. చెరువు గట్ల మీద రొయ్యలకి మేత చల్లొచ్చిన చేతులతో, మట్టిలో గోళీలాడిన చేతులతో పిల్లలు నేరుగా పళ్లెం ముందు కూర్చునేవాళ్లు. వాళ్ల అమ్మలు నాట్లకో, రొయ్యలు ఒలిచే షెడ్డుకో తెల్లారకుండానే వెళ్లిపోతారు, చెప్పేవాళ్లెవరు? ఒక ఏడాది రెండో తరగతి పిల్లవాడొకణ్ణి సెలైన్ పెట్టిన చేత్తో రేపల్లె ఆస్పత్రిలో చూసొచ్చింది అక్క. ఆ తరవాతే నాటకం రాసింది.

నాటకంలో నలుగురు పిల్లలు, ఒక సబ్బు, ఒక క్రిమి. పిల్లలూ సబ్బూ దొరికారు. క్రిమి వేషం వెయ్యడానికి మాత్రం పిల్లలెవరూ ఒప్పుకోలేదు.

"నువ్వెయ్యాలిరా" అంది అక్క.

"నేనెందుకక్కా?"

"పుట్టినప్పటి నుంచీ ఆ పాత్రలోనే ఉన్నావుగా."

నేను పెళ్లిళ్లలో, ఆఫీసు ఫంక్షన్లలో నాలుగు నవ్వించే మాటలు చెప్పి పొట్ట పోసుకునేవాణ్ణి. వేషాలు కొత్త కాదు. స్కూటరు కవరు తొడుక్కున్నాను. పాత సైకిల్ ట్యూబుతో తోక. అట్టముక్కలతో కొమ్ములు. "క్రిములకి కొమ్ములుంటాయా?" అంటే, "నీకుంటే ఎవరూ ఆశ్చర్యపోరు" అంది.

రిహార్సళ్లు మా పెరట్లో కుళాయి దగ్గర. మా తెనాలి నీళ్లకి సబ్బుని దూరం నుంచి చూపిస్తే చాలు, నురగ మోచేతుల దాకా లేస్తుంది. అక్క నాలుగు వేషాలూ తానే వేసి నా మీద నురగ విసిరేది. పెరట్లో మబ్బులు దిగినట్టుండేది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏంటబ్బాయ్, గేదెని కడుగుతున్నారా?" అన్నారు.

"కాదు పిన్నిగారూ, క్రిమిని."

"సరేలే, ఏదైతే ఏం, తోక దగ్గర బాగా రుద్దమను."

బళ్లో నాటకం ఆడిన రోజు అక్క తన క్యాను నీళ్లే బకెట్లో పోయించింది. నాటకానికి నీళ్లు తక్కువ కాకూడదని నా చేత ఇంకో క్యాను కూడా మోయించింది. నేను వరండాలోకి దూకి, "నేనే క్రిమిని! మురికి చేతులే నా మేడలు! నురగొస్తే చస్తాను, నురగ రాకపోతే ఉంటాను!" అని అరిచాను. పిల్లలు సబ్బు రుద్దారు. తెనాలి నీళ్లు తెనాలి పరువు కాపాడాయి. నురగ పొంగింది. నా మీద విసిరారు. నేను చచ్చాను. చావడంలో నాకు కాస్త పేరుంది. వరండాలో మొదలుపెట్టి జెండా కర్ర దాకా దొర్లుకుంటూ చచ్చి, మళ్లీ లేచి ఇంకోసారి చచ్చాను. "చాల్లే, ఇంక చావు" అని అక్క పళ్లు కొరికింది. పిల్లలు నేల మీద పడి నవ్వారు.

ఒక్క పిల్ల నవ్వలేదు. మూడో తరగతి. ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండు జడలు. ముందు వరసలో మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, చర్చిలో వాక్యం వింటున్నట్టు వింది. నాటకమయ్యాక నేను కొమ్ములు తీసి గాలి పోసుకుంటుంటే దగ్గరికొచ్చింది.

"క్రిమి బాబాయ్, నురగ రాకపోతే పోవా?"

"పోను."

"ఎంత రుద్దినా?"

"ఎంత రుద్దినా అంతే. గోరు కింద దుప్పటి కప్పుకుని పడుకుంటా. ముద్దతో పాటు నీ కడుపులోకి దిగి ఇల్లు కట్టుకుంటా."

అదంతా అక్క రాసిందే, దుప్పటి ఒక్కటీ నాది. ఆ పిల్ల తన చేతులు రెండూ చూసుకుని, వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయింది.

ఈ వయసు దాకా నా మాట నమ్మిన మనిషి లేడు. నాకు జ్వరమొచ్చిందంటే మా ఇంట్లో థర్మామీటరుని అడుగుతారు. మా వీధి చివర కిరాణా కొట్టాయన నేను నమస్కారం పెడితే ఎందుకు పెట్టానా అని ఆ పూటంతా ఆలోచిస్తాడు. అలాంటి నన్ను ఒక మనిషి నమ్మడం మొదలుపెట్టిందని ఆ రోజు నాకు తెలియలేదు.

అక్క నాటకం గురించి పైవాళ్లకి తెలిసింది. బాపట్లలో బడులన్నీ కలిసి వేసే నాటికల్లో దీన్నీ వెయ్యమన్నారు. అక్కకి కాళ్లు నేల మీద ఆనలేదు. బాపట్ల ప్రయాణానికి ముందు రోజు ఆఖరి రిహార్సల్‌కని నన్ను మళ్లీ రైలెక్కించింది. దారి పొడుగునా ఒకటే కబుర్లు.

"మూడో తరగతిలో ఒక పిల్ల ఉందిరా, ఎర్ర రిబ్బన్లు. రాగి జావంటే మొహం తిప్పేసేది. ఇప్పుడు గ్లాసు మీద గ్లాసు తాగుతోంది! రేపు బాపట్లలో ఈ సంగతి చెప్పాలి. మంచి తిండి అలవాటు చెయ్యడమంటే అదీ."

బడికి వెళ్లాక చూశాను. రిబ్బన్లు అవే. వాటి మధ్య మొహమే తగ్గింది. జావ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, అంచుకి వేలు తగలకుండా తాగుతోంది. ప్రార్థన వరసలో నిలబడి, జెండా పాట సగంలో ఉండగా, ఎవరో వెనక నుంచి మెల్లిగా లాగినట్టు కూర్చుండిపోయింది.

నీడలోకి తీసుకెళ్లి మొహాన నీళ్లు చల్లారు. ఎవరో పరిగెత్తి తల్లిని పిలుచుకొచ్చారు. షెడ్డు నుంచి వచ్చినట్టుంది, చీర మీద రొయ్యల వాసన, తలకి ఇంకా టోపీ అలాగే ఉంది. కూతుర్ని చూసి ఏడవలేదు. అప్పటికే ఏడ్చేసినట్టుంది.

"మేడంగారండి, మీరైనా చెప్పండి దీనికి. అన్నం ముట్టట్లేదండి. బళ్లో కూడా గుడ్డు పక్కోళ్ల పళ్లెంలో పడేస్తందంట. ముద్ద నేను పెడతానంటే మూతి బిగించేసుద్ది. నీ చేతిలో కూడా ఉన్నాడంటది."

"ఎవరు?"

"అదే చెప్పదండి. ఉన్నాడంటది, అంతే. ఏదన్నా గాలి సోకిందేమోనని ఆదివారం గుళ్లో పాస్టరుగారి చేత చెయ్యి పెట్టించి ప్రార్థన కూడా చేయించామండి."

నా చేతిలో కొమ్ములున్నాయి. వాటిని వీపు వెనక్కి పెట్టుకున్నాను. నన్ను వదిలించుకోవాలని చాలామంది చాలా రకాలుగా ప్రయత్నించారు గాని, నన్ను వెళ్లగొట్టడానికి ఒక సంఘమంతా మోకాళ్లూని ప్రార్థించడం అదే మొదలు. ఇంకెప్పుడైనా అయితే ఈ సంగతి ఊరూరా చెప్పుకుని నవ్వించేవాణ్ణి.

"మరి ఏం తింటోందమ్మా?" అంది అక్క.

"జావ తాగుద్దండి. పాలిస్తే పాలు. ఆ తరవాత ఇయ్యండి" అని కొంగు ముడిలోంచి ఖాళీ ప్యాకెట్టు తీసింది. కొట్లో వేలాడే కారప్పూస లాంటి రంగు సరుకు, తింటే నాలిక ఎర్రబడేది. "కొంగట్టుకుని ఏడిస్తే కొనిపెట్టానండి, ఏదో ఒకటి కడుపులో పడుద్దని. పంటితో మూల చింపి, తల పైకెత్తి నోట్లో ఒంపేసుకుంటది. చెయ్యి మటుకు పెట్టదండి."

మా అక్క వెనక గోడకి ప్యాకెట్టు తిండి తినకూడదని తను స్వయంగా గీసిన బొమ్మ వేలాడుతోంది. ప్యాకెట్టుకి దెయ్యం కోరలు వేసింది. దాని కిందే ఆ పిల్ల కూర్చుని ఉంది.

అక్క ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. "ఎవరున్నారమ్మా చేతిలో?"

పిల్ల నా వైపు చూసింది. "క్రిమి బాబాయ్."

"చేతులు కడుక్కుంటున్నావుగా?"

"నురగ రావట్లేదండి."

"సబ్బు బాగా రుద్దితే వస్తుందమ్మా. పద, చూపించు."

బోరు కుళాయి దగ్గరికి వెళ్లాం. ఆ పిల్ల సబ్బు తీసుకుని రుద్దింది. అలా రుద్దడం నేనెక్కడా చూడలేదు. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు వెనక, అక్క నేర్పిన వరస ఒక్కటి తప్పకుండా రుద్దింది. సబ్బు అరిగిపోతోంది, నురగ మాత్రం లేదు. విరిగిన పాలలాగా తెల్లటి తుంపులు తేలి, జిడ్డుగా వేళ్లకి అంటుకున్నాయి. పిల్ల మళ్లీ రుద్దబోయింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపి, అరచేతులు తిప్పి చూసింది. తోలు లేచిపోయి, ఎర్రగా చీలికలు పడి ఉన్నాయి.

ఇన్నేళ్లుగా ఆ బళ్లో ఉన్న మా అక్క ఆ నీళ్లలో సబ్బు తడపడం అదే మొదటిసారి చూసింది.

వెనక గుమిగూడిన పిల్లల్ని అడిగింది. "మీకూ రాదా?"

"రాదండి! మా ఊరి నీళ్లకి రాదండి!"

"మరి మీరేం చేస్తున్నారు?"

"తినేస్తున్నామండి. ఆ క్రిమిగాడు ఉంటే ఉన్నాడ్లే అని తినేస్తున్నామండి!"

వాళ్లు నవ్వారు. వాళ్లు నన్ను నమ్మలేదు, హాయిగా ఉన్నారు. నమ్మిన పిల్ల మాత్రం చేతులు ముందుకు చాపి నిలబడి ఉంది.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. నురగ నీళ్లని బట్టి వస్తుందమ్మా, ఉప్పు నీళ్లలో రాదు, సబ్బు రాసి అన్ని చోట్లా రుద్ది కడిగేస్తే చాలు, క్రిమి పోతుంది. బాగా చెప్పింది. ఆ పిల్ల మర్యాదగా మొత్తం వింది. విన్నాక అడిగింది.

"మరి మీరెందుకండి మా నీళ్లతో కడుక్కోరు?"

రోజూ మధ్యాహ్నం గంట కొట్టగానే అక్క వరండా చివర నిలబడి, ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు సీసాలో ఒంపుకుని చేతులు కడుక్కుంటుంది. నురగ వస్తుంది. ఆ పిల్ల కూర్చునే చోటు నుంచి అది కనపడుతుంది. ఆఫీసు గదిలోకి వెళ్లి క్యారియరు విప్పుకోవడమూ కనపడుతుంది.

మధ్యాహ్నం దాకా ఆ పిల్లని తన పక్కనే కూర్చోబెట్టుకుంది అక్క.

గంట కొట్టారు. అక్క వాచీ తీసి నా చేతికిచ్చింది. బోరు కుళాయి కింద చేతులు పెట్టి సబ్బు రాసుకుంది. తెల్లటి తుంపులు వేళ్లకి అంటుకుంటుంటే కడుక్కుంటూ, పిల్లకి కనపడేలా ఒక్కో వేలూ రుద్దింది. వెళ్లి పిల్లల వరసలో, ఆ పిల్ల పక్కన కింద కూర్చుంది.

వంటావిడ గరిటె ఆపేసింది. "అదేంటండీ మేడంగారూ, మీ క్యారియరు?"

"తమ్ముడు తింటాడు. నాకు వడ్డించు."

అన్నం, పప్పు, గుడ్డు. అక్క కలిపింది. పిల్ల చూపు అక్క వేళ్ల మీదే ఉంది. పళ్లెం నుంచి నోటి దాకా ఆ చెయ్యి వెళ్లిన ప్రతిసారీ ఆ పిల్ల తలా వెంట వెళ్లింది. అక్క మెతుకు మిగలకుండా తింది.

"ఇప్పుడు తింటావా?"

"రేపు తింటానండి."

"రేపెందుకే?"

"మీకు కడుపునొప్పి వస్తుందేమో చూసి."

నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు. "సరే" అంది, పెద్దవాళ్లతో ఒప్పందం చేసుకున్నట్టు. "రేపు నన్ను చూసి తిను."

బడి వదిలాక తల్లీకూతుళ్లని తనతో పాటే ఆటో ఎక్కించి రేపల్లెలో డాక్టరుగారికి చూపించింది. ఆయన కింది కనురెప్ప లాగి చూసి, రక్తం పట్టడానికి టానిక్ రాసి, "ఇది అన్నంతో పాటు, అన్నానికి బదులు కాదు" అన్నారు. ఆ పిల్ల తలూపింది. పాలూ జావా తాగించి రేపటికి బడికి పంపమని తల్లికి చెప్పి మేం రైలెక్కాం.

తెనాలి స్టేషన్లో దిగగానే నేను అలవాటుగా మిరపకాయ బజ్జీల బండి వైపు నడిచాను. అక్క నా చొక్కా పట్టుకుని లాగింది. "చంపేస్తాను. నాకివాళ ఏం కాకూడదు." ఇంటికెళ్లి మజ్జిగన్నం తప్ప ఇంకేమీ ముట్టలేదు. పచ్చడి జాడీ ఉన్న అలమర వైపు కూడా చూడలేదు. ప్రపంచంలో ఏ రాజుగారి ఆరోగ్యం కోసమూ ఆ సాయంత్రం మా ఇంట్లో పడ్డంత ఆందోళన ఎవరూ పడి ఉండరు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అక్కా, రేపు బాపట్ల కదా?"

"వెళ్లట్లేదు."

"పిల్లల్ని నేను తీసుకెళ్తా. నువ్వు బడికెళ్లు. చొక్కాలు ఇస్త్రీ చేయించుకుని ఎదురుచూస్తున్నారు వాళ్లు."

"ఆ నాటకం ఇంక ఆడకూడదురా. అక్కడ చూసేవాళ్లలో ఇలాంటి ఊళ్ల పిల్లలు ఎంతమంది ఉంటారో. వాళ్లలో నమ్మేది ఒక్కతి ఉన్నా చాలు." ఫోన్ తీసి, "చొక్కాల సంగతి నేను చూసుకుంటాలే" అంది. బాపట్ల అంటే ఆవిడకి ఎంతో నాకు తెలుసు.

బాపట్ల వాళ్లకి ఫోన్ చేసింది. అవతల ఎందుకని అడిగినట్టున్నారు. "మా క్రిమికి ఒంట్లో బాగోలేదండి" అంది. నవ్వకుండా అంది.

మర్నాడు నన్ను కూడా రమ్మంది. కొమ్ములు తెచ్చుకోమంది. "ఎందుకు?" అన్నాను. "అది నమ్మింది నిన్ను. నన్ను కాదు."

రైల్లో అక్క సీటు కింద ఏమీ లేదు. తాగడానికి ఒక చిన్న సీసా మాత్రం సంచీలో ఉంది.

బడి గేటు దగ్గరే ఉంది ఆ పిల్ల. అక్కని కాళ్ల నుంచి మొహం దాకా చూసింది. డాక్టరుగారు తనని చూసిన దానికంటే జాగ్రత్తగా చూసింది.

"కడుపునొప్పి రాలేదాండి?"

"రాలేదమ్మా."

"విరేచనాలు?"

"అవీ లేవు."

ఆ పిల్ల అప్పటికేమీ తేల్చలేదు. బాపట్ల వెళ్లాల్సిన నలుగురూ ఇస్త్రీ చొక్కాలతో మూతులు ముడుచుకుని మెట్ల మీద కూర్చున్నారు. అక్క వాళ్ల దగ్గరికెళ్లి, తప్పు తన నాటకంలో ఉందని, కొత్తది వాళ్లతోనే రాయిస్తానని చెప్పింది. ఒకడు మాత్రం మధ్యాహ్నం దాకా ఆవిడతో మాట్లాడలేదు.

గంట కొట్టారు. అక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వరసలో కూర్చుంది. ఆ పిల్ల వెళ్లి కడుక్కుంది. ఈసారి తోలు లేచేలా రుద్దలేదు. నురగ కోసం ఒకసారి చూసుకుంది. రాలేదు. తడి చేతులతోనే నా దగ్గరికొచ్చింది. నేను అట్ట కొమ్ములు పెట్టుకుని వరండా స్తంభం పక్కన నిలబడి ఉన్నాను.

చేతులు రెండూ చాపింది. "ఉన్నావా?"

ఎవరేమడిగినా గోరంత దాన్ని కొండంత చేసి చెప్పే అలవాటు నాది. ఆ పగిలిన అరచేతుల ముందు ఒక్క మాట కూడా పెంచబుద్ధి కాలేదు.

"లేను."

"గోరు కింద?"

"అక్కడా లేను."

"దుప్పటి?"

"తీసుకెళ్లిపోయాను."

ఆ పిల్ల నా కళ్లలోకి కాసేపు చూసింది. వెళ్లి అక్క పక్కన కూర్చుంది. వంటావిడ అన్నం పెట్టి, పప్పు పోసి, కదలకుండా అక్కడే నిలబడిపోయింది. అక్క తన పళ్లెం వంకే చూసుకుంటోంది. తల ఎత్తడానికి భయపడుతోందని నాకు తెలుసు.

పిల్ల పప్పన్నం కలిపింది. చీలికల్లో మంట పుట్టినట్టుంది, వేళ్లు ఒకసారి ముడుచుకుని మళ్లీ చాపింది. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. మింగలేదు. బుగ్గలో పెట్టుకుని నా వైపు తిరిగింది.

నేను కదల్లేదు.

మింగింది.